నగరానికి అరుగేదీ?

బందరు నుంచి చార్మినార్ దాకా నాలుగు రోజులు, సుమారు 340 కిలోమీటర్లు, ఒక సైకిలు. దూరం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అసలు కష్టమంతా నగరంలోకి అడుగుపెట్టడంలోనే...

సైకిలు మీద దూరాలు తిరిగేవాళ్లని ఎవరినైనా అడిగి చూడండి, అన్నిటికన్నా కష్టమైన రోజు ఏదని. ఘాట్ రోడ్డు ఎక్కిన రోజనో, ఎదురుగాలి వీచిన రోజనో చెబుతారనుకుంటాం. నిజానికి వాటికి మందుంది. ఘాట్ దగ్గర దిగి సైకిలు నడిపించుకోవచ్చు. గాలి తగ్గేదాకా ఏ చెట్టుకిందో కూర్చోవచ్చు. ఎండ బాధ వద్దనుకుంటే తెల్లారకముందే బయల్దేరొచ్చు. మందు లేనిది ఒక్కటే, పెద్ద నగరంలోకి ప్రవేశించే రోజు!

పల్లెటూరికి ఓ మొదలు ఉంటుంది. ముందు చెరువుకట్ట కనిపిస్తుంది. తర్వాత బడి, గుడి, రచ్చబండ. ఊళ్లోకి వచ్చామని మనకి తెలుస్తుంది, మనం వచ్చామని ఊరికీ తెలుస్తుంది. నగరం అలా కాదు. ఎక్కడ మొదలైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. బస్సులోనో రైల్లోనో వచ్చేవాళ్లకి ఈ సంగతి పట్టదు. రాత్రి ఎక్కి పడుకుంటారు, తెల్లారి కళ్లు తెరిస్తే నగరం వచ్చేసి ఉంటుంది. సైకిలువాడికి ఆ సౌఖ్యం లేదు. ప్రతి మీటరూ తొక్కాల్సిందే, ప్రతి మీటరూ చూడాల్సిందే.

వజ్రాల దారి

మొన్న ఫిబ్రవరిలో నేను ఎంచుకున్న దారి 65వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట ఇంకా తొమ్మిదో నంబరు హైవేనే. పుణె నుంచి హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం వరకూ వెళ్తుంది. నేను సముద్రం వైపు కొస నుంచి మొదలుపెట్టా.

ఎందుకీ దారి అంటే, ఇది చాలా పాతది. గోల్కొండ నవాబులకు సముద్రం మీదికి తలుపు మచిలీపట్నమే. ఇక్కడి అద్దకం బట్టలు, గోల్కొండ వజ్రాలు ఆ రేవు నుంచే ఓడలెక్కేవి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండకీ బందరుకీ మధ్య ప్రయాణించి, ఆ విశేషాలు పుస్తకంలో రాసుకున్నాడు. 1591లో కట్టిన చార్మినార్ కూడా బందరు వైపు వెళ్లే వర్తకుల బాట కూడలిలోనే వెలిసిందంటారు. ఇవాళ్టి తారు రోడ్డు, ఆనాటి బండ్ల బాట అడుగడుగునా ఒకటే అని చెప్పలేం. కానీ రెండు కొసలూ అవే. ఆనాడు నడిచి, బండి కట్టుకుని వచ్చినవాళ్లు నగరంలోకి ఎలా చేరారో, కాస్తయినా ఆ వేగంతో వెళ్లి చూద్దామనిపించింది.

నా సైకిలు మామూలు గేర్ల సైకిలు. వెనక క్యారియర్‌కి రెండు సంచులు. వాటిలో రెండు జతల బట్టలు, రెండు ట్యూబులు, పంక్చరు సామాను, చిన్న పంపు. వేగం గంటకి పదిహేను కిలోమీటర్లు, అదీ రోడ్డు బావుంటే. ఇంకో సంగతి... బందరు సముద్రం ఒడ్డున ఉంది, హైదరాబాదేమో సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన. కార్లో వెళ్తే అంతా చదును నేలే అనిపిస్తుంది. మోకాళ్లనడిగితే చెబుతాయి, దారంతా ఎక్కుడేనని!

'మొక్కేమన్నా ఉందా?'

మొదటి రోజు పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా విజయవాడ. పక్కనే బందరు కాల్వ, గట్టున కొబ్బరిచెట్లు. ఆగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న. 'ఎక్కణ్నుంచండీ రావడం?' చెప్పగానే రెండోది, 'ఎక్కడిదాకండీ?' హైదరాబాద్ అంటే ఓసారి సైకిలు వైపు, ఓసారి నా కాళ్ల వైపు చూసి, 'బస్సులున్నాయి కదండీ' అనేవాళ్లు. కంకిపాడు దగ్గర చెరకు రసం బండి ఆయన రెండో గ్లాసుకి డబ్బు తీసుకోలేదు.

రెండో రోజు నందిగామ దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి తుమ్ములే తుమ్ములు. కాయలు ఏరుతున్న ఓ పెద్దావిడ పని ఆపి, 'మొక్కేమన్నా ఉందా నాయనా?' అని అడిగింది. మొక్కు లేదు, పందెం లేదు, ఊరికే చూడ్డానికి అంటే ఆవిడకి నచ్చలేదు. 'ఏదో ఉండే ఉంటుందిలే, చెప్పకూడదేమో' అని తనే సర్దిచెప్పుకుని మజ్జిగ పోసింది.

జగ్గయ్యపేట దాటి తెలంగాణలోకి వచ్చాక ప్రశ్న అదే, యాస మారింది. 'యాడికెల్లి వస్తున్నవ్ తమ్మీ?' కోదాడలో లాడ్జి ఆయన సైకిలు కింద పెడితే పోతుందేమోనని తనే ఓ చెయ్యి వేసి పై అంతస్తులో నా గదిలోకి ఎక్కించాడు. 'మనిషికి ఎంత కిరాయో సైకిల్‌కి గంతే' అని నవ్వాడు. తీసుకోలేదనుకోండి.

మూడు రోజుల్లో ఆ ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు. మొదట్లో కాస్త విసుగనిపించింది. తర్వాత తర్వాత అదే చెట్టునీడలా అనిపించింది. ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎవరూ ఊరికే వదిలేయలేదు. ముందు ఊళ్లో నీళ్లెక్కడ దొరుకుతాయో, రోడ్డు ఎక్కడ బాగాలేదో, రాత్రికి ఎక్కడ ఆగితే మంచిదో చెప్పి పంపారు.

ముందుగా వచ్చిన మూసీ

హైదరాబాద్ ఎక్కడ మొదలవుతుంది అని ముందు అడిగాను కదా. నాకు మొదట ఎదురైంది నగరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో! మూడో రోజు సూర్యాపేట దాటి నకిరేకల్ వైపు వస్తుంటే రోడ్డు ఓ నదిని దాటుతుంది. అది మూసీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డున పారి, నగరం వాడి వదిలేసిన నీళ్లన్నీ కలుపుకొని ఇటు వస్తుంది. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

వంతెన మీద సైకిలు ఆపి నించున్నా. తమాషా ఏమిటంటే, హైదరాబాద్ కొళాయిల్లోకి నాగార్జునసాగర్ వైపు నుంచి గొట్టాల్లో వెళ్లేవీ కృష్ణ నీళ్లే. నిన్నమొన్నటిదాకా నా పక్కన నడిచిన బందరు కాల్వలోవీ కృష్ణ నీళ్లే. అంటే ఈ దారి పొడుగునా ఒకటే నీరు. ఒకరు తాగి వదిలింది ఇంకొకరి చేల్లోకి వస్తోంది. బస్సు కిటికీలోంచి ఇది అర నిమిషం వంతెన. ఆగి చూసినవాడికి నగరం పంపిన మొదటి ఉత్తరం.

నాలుగో రోజు నార్కట్‌పల్లిలో చీకటితోనే లేచా. ఆ వేళప్పుడు రోడ్డంతా నగరానికి అన్నం పెట్టేవాళ్లదే. పాల వ్యాన్లు, ఆకుకూరల ఆటోలు, కోళ్ల బండ్లు, టమాటా పెట్టెల మధ్య కునికిపాట్లు పడుతున్న రైతులు. చిట్యాల దాటాక ఫ్యాక్టరీల వాసన మొదలైంది. చౌటుప్పల్ నుంచి చేలల్లో పంటలకు బదులు రంగు జెండాలు. ప్లాట్లు, వెంచర్లు, కమాన్లు. కమాను దాటితే లోపల ఇల్లు లేదు, రోడ్ల గీతలు మాత్రం ఉన్నాయి. నగరం తనకంటే ముందు తన కమాన్లని పంపిస్తుంది కాబోలు. ఇంకాస్త ముందుకొస్తే ఇంజినీరింగ్ కాలేజీలు, ఫిల్మ్‌సిటీకి దారి, బాటసింగారం పండ్ల మార్కెట్. ఒకప్పుడు కొత్తపేటలో ఊరి మధ్య ఉన్న మార్కెట్ కొన్నేళ్ల కిందట ఇక్కడికి వచ్చింది. ఊరు పెరిగినకొద్దీ తన అంగళ్లని బయటికి జరుపుకుంటూ పోతోంది.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల వలయం. దాని మీద సైకిళ్లకే కాదు, స్కూటర్లకీ ప్రవేశం లేదు. నగరానికి అవతలి వైపు, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతంలో ఆ రోడ్డు పక్కనే 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. పైన సౌరఫలకాల కప్పు. ఎండ తగలదు, లైట్లకి కరెంటూ వస్తుంది. మంచి పని. తెల్లారి వ్యాయామానికి వచ్చేవాళ్లకి అది వరం. కానీ పాల క్యాను కట్టుకుని, పనిముట్ల సంచి తగిలించుకుని సైకిలు మీద వచ్చేవాళ్లు ఇటు తూర్పు వైపూ ఉన్నారు. ఆ ఉదయం నేను చూసినవాళ్లే ఇరవై మంది దాకా ఉంటారు. వాళ్ల బాట రోడ్డు చివరి తెల్లగీతకీ, మట్టికీ మధ్య జానెడు జాగా.

ఆ వలయం దాటాక ఒక మార్పు వచ్చింది. ఎక్కణ్నుంచి అని అడగడం ఆగిపోయింది. అప్పటిదాకా నేను ప్రయాణికుణ్ని. అక్కణ్నుంచి అడ్డం! వెనక నుంచి హారన్లు, పక్క నుంచి రాంగ్‌రూట్‌లో బైకులు. ఓ బస్సు నా సంచిని రాసుకుంటూ పోయింది. సంచి చిరిగింది, నేను నిలదొక్కుకున్నా. ఎవరి మీదా కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు, అప్పటికే ఇంకోటి వస్తోంది.

రాణిగారి సరాయి

హయత్‌నగర్‌లో రహదారి వదిలి లోపలికి తిరిగితే ఓ పాత మసీదుంది. గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం పేరు మీద ఉంది. ఆవిడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, ఆ తర్వాతి సుల్తాను భార్య, ఆ తర్వాతి సుల్తాను తల్లి. జనం మాసాహెబా అని పిలిచేవారట. మాసబ్ ట్యాంక్ పేరు కూడా ఆవిడదే. ఆ మసీదు ఆవరణ చుట్టూ వరసగా కమాను గదులు. దగ్గర్లోనే పెద్ద దిగుడు బావి, ఏనుగుల బావి అంటారు. ఆ గదులు ఎందుకంటే... బందరు బాట మీద వచ్చే బాటసారుల కోసం. అది సరాయి.

ఆ కమాన్ల నీడలో అరగంట కూర్చున్నా. ఆనాటివాళ్ల ఆలోచన అక్కడే అర్థమైంది. రోజుల తరబడి దుమ్ములో వచ్చినవాడు తిన్నగా నగరం మధ్యలో వచ్చి పడకూడదు. ముందు ఓ చోట ఆగాలి. పశువులకి నీళ్లు పెట్టుకోవాలి. కాళ్లు కడుక్కోవాలి. ఊళ్లో ధరలెలా ఉన్నాయి, ఎటు వెళ్తే ఏముంది, ఎవరిని కలవాలి అని పక్క గది వాళ్లని అడిగి తెలుసుకోవాలి. తెల్లారి నింపాదిగా నగరంలోకి వెళ్లాలి. మన ఇళ్లకి ఒకప్పుడు అరుగు ఉండేది, గుర్తుందా? వాకిట్లో గోలెం, చెంబు. ఎంత దగ్గరి చుట్టమైనా కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, ఆ తర్వాతే లోపలికి. దారినపోయే కొత్తవాడు కూడా అరుగు మీద కూర్చోవచ్చు, ఎవరూ లేపరు. హయత్‌నగర్ సరాయి హైదరాబాద్‌కి అలాంటి అరుగు.

2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్‌ని ఏర్పాటు చేశారు. ఊరు ఎల్లలు పెంచుకుంది. అరుగు మాత్రం ఇంటి మధ్యలోకి వెళ్లిపోయి, అరుగన్న సంగతే ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

మెల్లగా పోయేవాడు

ఎల్బీనగర్ చేరేసరికి పదకొండు దాటింది. కోస్తా వైపు నుంచి, నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లలో చాలామంది దిగేది ఇక్కడే. సూట్‌కేసుతో కోచింగ్‌కి వచ్చిన పిల్లలు, పలుగూ పారా మూటగట్టుకున్న కూలీలు, చంకలో బిడ్డతో తల్లులు. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, పైన మెట్రో. బండ్లు పోవడానికి అన్ని అంతస్తుల్లో దారులున్నాయి. దిగిన మనిషి నించోవడానికే చోటు లేదు.

ట్రాఫిక్‌లో సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్తుంటే ఎవరో చొక్కా పట్టి ఆపారు. ఓ పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆవిడ చేతిలో స్కానింగ్ కవరు, ఆయన చేతిలో మడతలు పడ్డ చీటీ. 'బిడ్డా, గీ దవాఖానకు ఎట్ల పోవాలె?' చీటీ చూశా. పంజాగుట్ట వైపు. మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు. కానీ స్టేషన్ మెట్లు అవతలి వైపున్నాయి. మధ్యలో పారుతున్న రోడ్డు. అరగంటగా దాటలేక అక్కడే నించున్నారట. ఆవిడకి కుడికాలు సరిగా పడటం లేదు.

ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగారన్నాను. పెద్దాయన ఠక్కున జవాబిచ్చాడు. 'గీడ నువ్వొక్కడివే మెల్లగ పోతున్నవ్ బిడ్డా.'

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు నడిచిపోతున్నవాళ్లు. ఆ అంకెని ఆఫీసులో కూర్చుని చదవడం వేరు. ఓ వైపు సైకిలు, ఓ వైపు కాలు ఈడుస్తున్న ఆవిడ, ముందు చెయ్యెత్తి బండ్లని ఆపుతున్న పెద్దాయన... అలా ఆ రోడ్డు దాటడం వేరు. సైకిలునే అడ్డంగా పెట్టి, దాని చాటున నడిపించాను. జీవితంలో మొదటిసారి నా సైకిలు ట్రాఫిక్‌కి అడ్డమైనందుకు సంతోషపడ్డా!

లిఫ్టు దగ్గరికి చేరాక పెద్దాయన కళ్లు నా సంచుల మీద పడ్డాయి. 'యాడికెల్లి వస్తున్నవ్?' అన్నాడు. పెద్ద అంబర్‌పేట తర్వాత ఆ ప్రశ్న వినడం అదే మొదలు. బందరు నుంచి అంటే ఆయన మొహం వెలిగిపోయింది. 'అట్లనా! మాది మునగాల. మా ఊరి మీదికెల్లే వచ్చినవ్ గదా!' అవును, ముందురోజు పొద్దున మునగాలలో టీ తాగా. వాళ్లు కొన్ని గంటల్లో బస్సులో వచ్చిన దూరానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. అయినా వాళ్లూ నేనూ ఒకే గడపలో నించున్నాం. నా ఫోన్ నంబరు చీటీ వెనక రాయించుకుని లిఫ్టెక్కారు.

మళ్లీ అదే నీరు

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ వంతెన మీదికి వచ్చా. కింద మూసీ. ముందురోజు సూర్యాపేట దగ్గర చూసిన నదే. అక్కడ చేల మధ్య ఉంది, ఇక్కడ గోడల మధ్య. ఒంటిగంట దాటాక చార్మినార్. జెండా ఊపేవాళ్లూ, దండ వేసేవాళ్లూ ఎవరూ ఉండరని తెలుసు. గాజుల దుకాణాల వాళ్లు బేరాల్లో ఉన్నారు. ఓ ఇరానీ చాయ్ తాగి, నీడన కూర్చున్నా. బాగానే ఉంది.

గది కోసం వెళ్తే ఓ లాడ్జిలో సైకిలు లోపలికి వద్దన్నారు. ఇంకో చోట పార్కింగు కార్లకేనన్నారు. మూడో చోట మెట్లకింద చోటిచ్చారు. కోదాడ ఆయన గుర్తొచ్చాడు.

నగరం మంచిది కాదని అనడం లేదు. ఆ ముసలి దంపతులకి వైద్యం దొరికేది ఇక్కడే. పిల్లలకి చదువు, కూలీకి పని దొరికేవీ ఇక్కడే. అందుకేగా అందరూ వస్తున్నారు. అడిగేది ఒక్కటే. విజయవాడ రోడ్డు, వరంగల్ రోడ్డు, ముంబై రోడ్డు, బెంగళూరు రోడ్డు... ఒక్కో ముఖద్వారం దగ్గర కాస్త నీడ, కూర్చోడానికి నాలుగు బల్లలు, తాగడానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. భయం లేకుండా రోడ్డు దాటే దారి. ఏ బస్సెక్కాలో ఏ స్టేషన్లో దిగాలో చెప్పే ఓ మనిషి. ఎండాకాలంలో ఎవరూ చెప్పకుండానే చలివేంద్రం పెట్టే జనం మనం. ఆ పనిని ఏడాది పొడుగునా చేయాలంటే కావాల్సింది నగరం తలుచుకోవడమే. ఫ్లైఓవర్‌కయ్యే ఖర్చులో అది ఎన్నో వంతు?

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మోగింది. కొత్త నంబరు. మునగాల పెద్దాయన. ఆవిణ్ని వార్డులో చేర్చుకున్నారట. రేపు డాక్టరు చూస్తాడట. మంచం దొరికిందట. అన్నీ చెప్పాక ఆఖర్న అడిగాడు.

'నువ్వు మంచిగ చేరినవా బిడ్డా?'

చేరానని చెప్పా.